మత్తులో వేసిన వేలిముద్ర

ఏలూరులో ఒక హాస్టల్. రాత్రి పది దాటాక మేడ మీద నుంచి గంజాయి వాసన వస్తోందని పెద్దవాళ్ళు పైకెక్కారు. అక్కడ నలుగురు పిల్లలు దొరికారు. వాళ్ళలో ఒకడు మనవాడు, పోలవరం ఏజెన్సీ నుంచి చదువుకోవడానికి వచ్చిన కోయ పిల్లవాడు. మిగతా ముగ్గుర్నీ గట్టిగా తిట్టారు. "బుద్ధి లేదురా, అమ్మానాన్నల ముఖం చూడరా" అన్నారు. మనవాణ్ణి మాత్రం తిట్టలేదు. "మీకిది పుట్టుకతోనే వస్తుంది కదరా, నిన్ను అని ఏం లాభం" అన్నారు.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆ పిల్లవాడు ఈ సంగతి వాళ్ళ తాతకు చెప్పాడు. తాత కాసేపు ఊరుకుని, "పోనీలేరా మనవడా, తాగడం మన ఆచారం, వాళ్ళకేం తెలుసు" అన్నాడు.

పిల్లవాడు ఈ రెండు మాటలూ మాకు చెప్పి, "నన్ను తిట్టి ఉంటే బాగుండేది" అన్నాడు. ఆ మాట మా మనసులో ఉండిపోయింది. తిట్టడమంటే ఏమిటి? నువ్వు వేరేలా చేయగలవాడివి, అయినా చేయలేదు అని చెప్పడం. మిగతా ముగ్గురికీ ఆ గౌరవం దక్కింది. మనవాడికి దక్కలేదు. ఒకరు తప్పును అతని రక్తం మీదికి నెట్టారు. ఇంకొకరు ప్రేమతోనే ఆచారం మీదికి నెట్టారు. అతని మనసులో ఏం జరిగిందని ఇద్దరూ అడగలేదు. మేము ఈ వ్యాసంలో అడగదలిచింది అదే. మత్తు మనసును ఏం చేస్తుంది? మత్తులో ఉన్నప్పుడు మాట్లాడేది, సంతకం పెట్టేది, చెయ్యెత్తేది ఎవరు? దానికి జవాబు చెప్పవలసిందెవరు?

పుర్రె లోపల ఏం జరుగుతుంది

ముందు రక్తం సంగతి తేల్చుకుందాం. వ్యసనానికి తొందరగా లోబడే గుణం కొన్ని కుటుంబాల్లో కొంత వంశపారంపర్యంగా వస్తుందని వైద్యశాస్త్రం చెబుతుంది. అది అన్ని కులాల్లోనూ, అన్ని దేశాల్లోనూ ఉన్న సంగతే. ఒక తెగ మొత్తం తాగుబోతులుగా పుడుతుందని ఏ శాస్త్రమూ చెప్పలేదు. కోయవాడి మెదడైనా, కొండరెడ్డి మెదడైనా, యానాది మెదడైనా, కలెక్టరు గారి మెదడైనా మందు పని చేసే తీరు ఒక్కటే.

మెదడులో కోట్లాది నరాల కణాలు ఒకదానితో ఒకటి రసాయనాల ద్వారా మాట్లాడుకుంటాయి. కొన్ని రసాయనాలు కణాన్ని రేపుతాయి. కొన్ని అణుస్తాయి. అణిచే వాటిలో ముఖ్యమైనది గాబా. సారా ఈ గాబాకు బలమిస్తుంది, రేపే రసాయనమైన గ్లుటమేటును తగ్గిస్తుంది. అంటే బండికి బ్రేకు నొక్కుతుంది. మరి తాగినవాడు నెమ్మదించకుండా మొదట రెచ్చిపోతాడెందుకు? తొందరగా మొద్దుబారే భాగాల్లో నుదుటి వెనక భాగం ఒకటి. 'ఆగు, ఆలోచించు, ఈ మాట ఇక్కడ అనకూడదు' అని మనకు చెప్పేది ఆ భాగమే. కాపలావాడు ముందు నిద్రపోతాడు, ఇంట్లోవాళ్ళు ఇంకా మేలుకునే ఉంటారు. తరువాత చిన్నమెదడు తూలుతుంది, కాళ్ళు తడబడతాయి. ఇంకా తాగితే ఊపిరి నడిపే భాగం దాకా వెళుతుంది. మనిషి చనిపోయేది అక్కడే.

గంజాయి దారి వేరు. అందులోని టీహెచ్‌సీ అనే పదార్థాన్ని 1964లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త రఫాయెల్ మెషూలం, తన సహచరుడితో కలిసి విడదీశారు. అది మెదడులో ఏ తలుపు తడుతుందో వెతుకుతూ పోతే ఇంకో సంగతి బయటపడింది. ఆ తలుపు గంజాయి కోసం పుట్టలేదు. మన మెదడు తనకు తానే తయారు చేసుకునే ఒక రసాయనం కోసం ఉంది. 1992లో ఆయన బృందం ఆ రసాయనాన్ని కనుక్కుని, మన 'ఆనంద' మాటనే తీసుకుని 'ఆనందమైడ్' అని పేరు పెట్టింది. ఆకలి, జ్ఞాపకం, భయం, నొప్పి వీటిని సరిచూసుకోవడానికి మెదడు దాన్ని చిటికెడు చిటికెడుగా వాడుకుంటుంది. గంజాయి అదే తలుపును ఒక్కసారిగా బార్లా తెరిచి, చాలాసేపు మూయనివ్వదు. అందుకే కాలం సాగినట్టుంటుంది, ఇప్పుడే విన్న మాట గుర్తుండదు, చిన్న విషయం మహా విషయంలా తోస్తుంది. కొందరికి నవ్వొస్తుంది. కొందరికి అందరూ తమనే చూస్తున్నారన్న భయం పట్టుకుంటుంది. మానసిక వ్యాధికి అవకాశమున్న మెదడుకు ఆ భయం గంజాయి దిగిపోయాక కూడా దిగకపోవచ్చు.

మన పిల్లలు గుర్తు పెట్టుకోవలసింది ఇంకొకటుంది. నుదుటి వెనక ఉన్న ఆ కాపలా భాగం పూర్తిగా తయారయ్యేది ఇరవై అయిదేళ్ళ వయసుకు అటూ ఇటూగా. పదహారేళ్ళ పిల్లవాడు తాగితే, కట్టడం పూర్తికాని ఇంటి మీద గాలివాన కొట్టినట్టే.

కొల్లేరు చెప్పే పాఠం

అలవాటు వ్యసనంగా ఎలా మారుతుందో తెలియాలంటే పుస్తకమే అక్కర్లేదు, కొల్లేరును చూస్తే చాలు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీళ్ళన్నీ కొల్లేరు తన కడుపులో పట్టుకుంటుంది. ఎక్కువైన నీటిని ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పంపుతుంది. పై నుంచి ఎంత వచ్చినా తూకం చూసుకోవడమే దాని పని. చేపల చెరువుల కోసం సరస్సులో గట్లు వేశారు. నీరు తన పాత దారి మరిచి, కొత్త దారి వెతుక్కుంది. 2006లో ప్రభుత్వం గట్లు తెగ్గొట్టింది. అయినా సరస్సు మర్నాడే పాత సరస్సు కాలేదు. కొన్ని గట్లు మళ్ళీ లేచాయి కూడా.

మెదడు కూడా తూకం చూసుకునేదే. రోజూ సారా బ్రేకు నొక్కుతుంటే మెదడు ఊరుకోదు. తన సొంత బ్రేకు తగ్గించుకుంటుంది, రేపే రసాయనాన్ని పెంచుకుంటుంది. అందుకే నిన్నటి గ్లాసు ఇవాళ చాలదు. కొన్నేళ్ళకు మనిషి ఆనందం కోసం తాగడు, మామూలుగా ఉండడానికి తాగుతాడు. అలాంటివాడు ఒక్కసారిగా మానేస్తే సారా బ్రేకు పోతుంది, సొంత బ్రేకు ఉండదు. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, లేని మనుషులు కనిపిస్తారు, మూర్ఛలు వస్తాయి. ప్రాణం పోవచ్చు. 2020 లాక్‌డౌన్‌లో మద్యం, కల్లు దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి రోగులు బారులు తీరారు. తెలంగాణలో చాలాచోట్ల కల్లు పేరుతో అమ్మేదానిలో డైజెపాం, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలుపుతారు. చెట్టు కల్లు అనుకుని తాగినవాడు తనకు తెలియకుండానే మాత్రలకు బానిసవుతాడు. అందుకే ఏళ్ళ తరబడి బాగా తాగేవాణ్ణి "ఈ రోజుతో మానెయ్" అని ఇంట్లో పెట్టి తలుపు వేయకూడదు. ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

కొల్లేటి చెరువుల్లోనే రెండో పాఠమూ ఉంది. అక్కడ చేపలకు మేత వేయడానికి చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు, చెక్క నింపి గెడలకు కడతారు. కొద్దిరోజులు పోయాక మేత పడవ వస్తున్న అలికిడికే చేపలు సంచుల దగ్గర మూగుతాయి. మేత ఇంకా నోటికి అందలేదు, కానీ ఒళ్ళు సిద్ధమైపోయింది. మత్తు అలవాటైన మెదడులో జరిగేదీ ఇదే. డోపమైన్ అనే రసాయనం మొదట మందు తాగినప్పుడు పెరుగుతుంది. అలవాటయ్యాక మందు గుర్తుకు రాగానే పెరుగుతుంది. దుకాణం వీధి, సీసా మూత చప్పుడు, పాత స్నేహితుడి గొంతు, జీతం అందిన సాయంత్రం, ఇవన్నీ మేత పడవ అలికిళ్ళే. మానేసినవాడు ఏడాది తరువాత మళ్ళీ ఎందుకు పడ్డాడని వాణ్ణి ఎగతాళి చేసేముందు ఈ చేపల్ని గుర్తు తెచ్చుకోవాలి.

చేసిందెవరు?

ఇప్పుడు అసలు చిక్కుముడి. మత్తు నా కాపలావాణ్ణే నిద్రపుచ్చితే, అప్పుడు నేను చేసిన పని నాదేనా?

మన చట్టం ఈ ప్రశ్నకు రెండు చోట్ల రెండు జవాబులు చెబుతుంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం పన్నెండో సెక్షన్ ప్రకారం, షరతులు అర్థం చేసుకోలేనంత మత్తులో ఉన్నవాడు ఆ మత్తు దిగేదాకా ఒప్పందం చేసుకోలేడు. వాడు పెట్టిన సంతకం వాడిది కాదని ఆ చట్టం ఉద్దేశం. కానీ అదే మనిషి అదే రాత్రి భార్య తల పగలగొడితే శిక్షాచట్టం వేరేగా మాట్లాడుతుంది. భారతీయ న్యాయ సంహిత 23, 24 సెక్షన్లలో ఉన్నదీ, అంతకుముందు శిక్షాస్మృతి 85, 86 సెక్షన్లలో ఉన్నదీ ఒకే సూత్రం. ఎవరో తెలియకుండా తాగించినా, బలవంతంగా తాగించినా వేరు. ఇష్టపడి తాగినవాడు మత్తును అడ్డం పెట్టుకుని తప్పించుకోలేడు.

మొదట మాకిది తిరకాసుగా తోచింది. సంతకానికి వాడు వాడు కాదు, దెబ్బకు మాత్రం వాడేనా? ఆలోచించగా అందులో న్యాయం కనిపించింది. మొదటి చట్టం మత్తులో ఉన్నవాణ్ణి మోసగాడి నుంచి కాపాడుతోంది. రెండోది మత్తులో ఉన్నవాడి నుంచి ఇంట్లోవాళ్ళను కాపాడుతోంది. రెండుసార్లూ అది బలహీనుడి పక్కనే నిలబడింది. రెండు వేల మూడు వందల ఏళ్ళ కిందట గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ కూడా ఈ విషయం చర్చించాడు. తాగి తప్పు చేసినవాడికి రెట్టింపు శిక్ష వేసే ఆచారం ఉండేదని చెప్పి, దానికి కారణం చూపాడు. తాగకుండా ఉండడం వాడి చేతిలో ఉన్న పనే కదా అన్నాడు.

కాబట్టి జవాబుదారీ మత్తులో ఉన్న క్షణంలో వెతికితే దొరకదు. దానికి ముందున్న మెలకువ క్షణంలో దొరుకుతుంది. మేడ మెట్లెక్కే ముందు, సీసా మూత తీసే ముందు, "ఒక్కసారి లాగి చూడు బావా" అని స్నేహితుడు చెయ్యి చాచినప్పుడు. అయితే వ్యసనం ముదిరినవాడికి ఆ మెలకువ క్షణం ఇరుకైపోతుంది. వాణ్ణి తిట్టి లాభం తక్కువ, వైద్యం కావాలి. మొదటి మెట్టు మీదున్న పిల్లవాడికి ఆ క్షణం ఇంకా విశాలంగానే ఉంది. వాణ్ణి మనిషిగా లెక్కగట్టి నిలదీయాలి. హాస్టల్లో జరిగిన అన్యాయం ఇదే. నిలదీయవలసినవాణ్ణి వదిలేశారు.

ఆచారం మాట

తాత మాటను మేము తేలిగ్గా కొట్టేయం. మా ఇళ్ళలో కల్లు ఉంది. పెళ్ళి మాటలకు వెళితే కుండ వెళుతుంది. పండుగకు మొదటి చుక్క భూమికి, పెద్దలకు పోస్తారు. జీలుగుమిల్లి ఊరి పేరులోనే జీలుగు ఉంది. జీలుగు చెట్టు మా పెద్దలకు ఎండాకాలంలో ఆకలి తీర్చిన చెట్టు. ఇప్ప పువ్వు సారాకు మాత్రమే కాదు, తిండికీ నూనెకూ ఆధారమైన చెట్టుది.

ఈ కల్లు మీద హక్కు కోసం మన పెద్దలు ప్రాణాలిచ్చారు. 1879లో రంప కొండల్లో తిరుగుబాటు లేచింది. దానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి కల్లు. మద్రాసు ప్రభుత్వ ఆబ్కారీ చట్టం వచ్చి, సొంత చెట్టు గీసి సొంతానికి తాగడం కూడా నేరమైంది. పాటలు పాడుకున్న కాంట్రాక్టర్లు వచ్చారు. ముఠాదారుల మీద, రైతుల మీద మన్సబుదారు చిగురు పన్ను వేశాడు. కారం తమ్మన్న దొర లాంటి వాళ్ళు ఎదురు తిరిగారు. ఆ మంట భద్రాచలం, రేకపల్లి దాకా పాకింది. దాన్ని అణచడానికి ప్రభుత్వం సైన్యాన్ని దింపవలసి వచ్చింది. నలభై ఏళ్ళ తరువాత అదే మన్యంలో అల్లూరి సీతారామరాజు గిరిజనులతో తాగుడు మానమని చెప్పాడు. ఒకరు కల్లు కోసం లేచారు, ఇంకొకరు కల్లు మానమన్నారు. మాకు వీళ్ళిద్దరి మధ్య వైరం కనిపించదు. మన చెట్టు మీద, మన తెలివి మీద అధికారం మనదే కావాలని ఇద్దరి పోరాటమూ.

అయితే తాత చెప్పిన ఆచారానికీ ఇవాళ జరుగుతున్నదానికీ పోలిక ఎంత? చెట్టు కల్లుకు చెట్టే హద్దులు పెట్టింది. అది కాలంలోనే కారుతుంది. తీసిన పూట తాగాలి, మర్నాటికి పులుపెక్కుతుంది, దాచలేం. చెట్టు ఇచ్చినంతే ఉంటుంది. చెట్టు కింద నలుగురూ కూర్చుంటే పెద్దవాడు పంచుతాడు, ఎవరికెంత పోయాలో ఆయనకు తెలుసు. అందులో సారా భాగం నూటికి సుమారు అయిదు. దుకాణం సీసాలో 42.8 శాతం. సీసాకు కాలం లేదు, పూట లేదు, పంచే పెద్ద లేడు. చీకట్లో ఒక్కడే తాగొచ్చు, అప్పు మీద తాగొచ్చు. హద్దులన్నీ తీసేసి, పాత పేరే ఉంచి, దాన్ని ఆచారమంటే ఆచారాన్ని అవమానించడమే. గంజాయి సంగతి సరేసరి. పోలవరం కొండల్లో ఏ పెద్ద ఏ పండుగకు గంజాయి పంచాడు?

ఇంకో మాట కూడా వినిపిస్తుంది. మనిషికి అప్పుడప్పుడు తనను తాను మరిచే స్థితి కావాలి కదా, అది లేకపోతే బతుకు ఎండిపోదా అని. కావాలి, నిజమే. కానీ కొమ్ములు కట్టుకుని డోలు కొట్టేవాళ్ళను చూడండి. రేలా పాటకు చేతులు కలిపి రాత్రంతా ఆడే ఆడవాళ్ళను చూడండి. తెల్లారేసరికి ఎవరికి వారు వేరుగా ఉన్నామన్న సంగతే మరిచిపోతారు. ఆ మైమరుపు మర్నాడు ఎవరినీ అప్పులో పడేయదు. మన దగ్గర మైమరుపుకు పెద్ద సంప్రదాయమే ఉంది, కల్లు అందులో ఒక మూల మాత్రమే.

చెరువు గట్టు మీద పాక

కొండ దిగి వచ్చిన మన పిల్లలు ఎక్కడుంటున్నారు? కొందరు ఏలూరు హాస్టళ్ళలో. కొందరు తాడేపల్లిగూడెంలో, 2015లో మొదలైన ఎన్‌ఐటీలోనో, వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయంలోనో, బియ్యం మిల్లుల్లోనో. పేరు చివర గూడెం ఉన్న ఊరది, కానీ మన గూడేల్లో లాగా సాయంత్రం పేరు పెట్టి పిలిచే పెద్ద అక్కడ ఉండడు. ఇంకొందరు కొల్లేటి పల్లెల్లో చేపల చెరువుల కాపలాకు వస్తారు. యానాది కుటుంబాలు ఆ పని ఎప్పటి నుంచో చేస్తున్నాయి. నీళ్ళ మధ్య గట్టు, గట్టు మీద పాక, దోమలు, రాత్రంతా మెలకువ, మాట్లాడే మనిషి లేడు. చలికి, నిద్రకు, ఒంటరితనానికి ఒకటే మందుగా క్వార్టర్ సీసా చేతికి వస్తుంది. కొన్నిసార్లు కూలిలో భాగంగానే వస్తుంది.

మనిషి ఉన్న చోటు మత్తు మీద ఎంత పని చేస్తుందో చెప్పే ఉదాహరణ ఒకటి చరిత్రలో ఉంది. వియత్నాం యుద్ధంలో చాలామంది అమెరికా సైనికులు హెరాయిన్‌కు అలవాటుపడ్డారు. దేశానికి తిరిగొస్తే ఊళ్ళు నాశనమవుతాయని ప్రభుత్వం భయపడింది. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు 1971లో తిరిగొచ్చిన వాళ్ళను వెతికి వెతికి కలిసింది. అక్కడ బానిసలైన వాళ్ళలో ఇంటికి వచ్చిన మొదటి ఏడాదిలో మళ్ళీ బానిసలైనవాళ్ళు చాలా కొద్దిమందే. చోటు మారింది. భయం పోయింది. ఇంట్లోవాళ్ళు, పని, పాత స్నేహితులు దొరికారు. పదార్థానికి బలముంది, కానీ దాని బలంలో సగం మనిషి ఒంటరితనం అప్పిచ్చినదే. పాకలో ఉన్నవాడికి నీతులు చెప్పేముందు ఆ పాకను మార్చవలసినవాళ్ళను కూడా నిలదీయాలి.

వేలిముద్ర

మన్యంలో భూమి ఎలా పోయిందో పెద్దల్ని అడిగితే ఒకే కథ పదిరకాలుగా చెబుతారు. సాయంత్రం సావుకారు అరుగు మీద సారా పోశాడు. కాగితం ముందు పెట్టాడు. వేలికి సిరా రాశాడు. తెల్లారి చూస్తే చేను సావుకారుది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదని 1959లో ఒక చట్టం, దాన్ని గట్టిపరుస్తూ 1970లో ఒకటి సున్నా డెబ్బై వచ్చాయి. అంత గట్టి చట్టం ఎందుకు కావలసి వచ్చిందో ఆ వేలిముద్రలే చెబుతాయి.

ఇవాళ సావుకారు వేషం మారింది. చింతపల్లి, పాడేరు వైపు నుంచి గంజాయి మూటలు దిగుతుంటే, మోసేందుకు మన పిల్లలు కావాలి. "ఊరికే బ్యాగు పట్టుకుని బస్సెక్కు, ఫోను కొనిస్తా" అంటారు. మాదకద్రవ్యాల చట్టం 1985 ప్రకారం ఇరవై కిలోలకు మించి దొరికితే పదేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళ జైలు, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా. బెయిలు దొరకడం మహా కష్టం. బ్యాగు ఇచ్చినవాడు పట్టుబడడు. పోలవరం ముంపులో ఇల్లూ చేనూ పోయి పునరావాస కాలనీలకు వచ్చినవాళ్ళకు పరిహారం డబ్బు చేతికి అందిన రోజుల్లో, ఆ చుట్టూ బెల్టు షాపులు ఎంత చురుగ్గా ఉంటాయో మీకు మేము చెప్పక్కర్లేదు.

కాబట్టి మత్తును ఆరోగ్యం సంగతిగా మాత్రమే మేము చూడలేం. లివరు పాడవుతుంది, నిజమే. అంతకన్నా ముందు పోయేది 'వద్దు' అనగలిగే శక్తి. తెలివి మన మొదటి భూమి. మిగతా భూములన్నీ దాని మీదే నిలబడతాయి. దాన్ని ఎవరి దగ్గరా తాకట్టు పెట్టకూడదు.

కామవరపుకోట దగ్గర జీలకర్రగూడెం కొండ మీద గుంటుపల్లి బౌద్ధ గుహలున్నాయి. రెండు వేల ఏళ్ళకు పైబడినవి. అక్కడ కూర్చున్న భిక్షువులు పాటించిన అయిదు శీలాల్లో చివరిది మత్తుకు దూరంగా ఉండడం. కారణం పాపమని చెప్పలేదు. మత్తు 'పమాదానికి' దారి తీస్తుందన్నారు. పాళీలో పమాదం, సంస్కృతంలో ప్రమాదం అంటే ఏమరుపాటు. మన తెలుగులో ఆ మాటకు అర్థం జారి, రోడ్డు మీద జరిగేదాన్ని ప్రమాదమంటున్నాం. పాత అర్థమే సరైనదని మాకు అనిపిస్తుంది. ప్రమాదం ముందు లోపల జరుగుతుంది, బయట కనిపించేది తరువాత.

ఏం చేయాలి

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాన్ని మూయించారు. వాళ్ళకు ఆ తెగువ అక్షరదీపం రాత్రి బడుల్లో చదువుకుంటూ, తమ బతుకు గురించి మాట్లాడుకుంటూ వచ్చింది. అక్కడ మొదలైన ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం తెచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. పై నుంచి వచ్చిన నిషేధం పై నుంచే పోయింది. దూబగుంట అక్కల ధైర్యం మాత్రం పోలేదు. తన తెలివితో తాను నిర్ణయించుకున్నదే నిలుస్తుందని ఆ చరిత్ర మాకు చెబుతోంది.

1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకం, వాడకం నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభకూ, పంచాయతీకీ ఉండేలా చూడమని చెప్పింది. బుట్టాయగూడెం, పోలవరం వైపు యువకులు ఈ సంగతి గ్రామసభలో అడగాలి. కొల్లేటి పల్లెల్లోని యానాది, ఎరుకల కుటుంబాలకు ఆ రక్షణ లేదు. వాళ్ళది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. అక్కడ కూలి డబ్బుల్లోనే ఇవ్వాలి, సీసాలో వద్దు అని అడగడమే మొదటి పోరాటం.

ఉపాధ్యాయులకు మా మనవి ఒక్కటే. మా పిల్లవాడు తప్పు చేస్తే అందరితో పాటు వాణ్ణీ తిట్టండి, తరువాత అందరితో పాటు వాణ్ణీ కూర్చోబెట్టి వినండి. భయపెట్టే బొమ్మలకన్నా మెదడు ఎలా పనిచేస్తుందో నిజం చెప్పండి. ఒక్క దమ్ముకే చచ్చిపోతావని చెబితే, ఒక్క దమ్ము లాగి చావనివాడు మీరు చెప్పే నిజాల్ని కూడా నమ్మడు. ముదిరినవాడికి ఆసుపత్రి దారి చూపండి. వ్యసన విముక్తికి 14446, మానసిక సహాయానికి 14416 నంబర్లకు డబ్బులక్కర్లేకుండా ఫోను చేయవచ్చు. మన రాష్ట్రంలో గంజాయి మోయమని ఎవరైనా ఒత్తిడి చేస్తే 1972కు చెప్పవచ్చు.

తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ మేము చెప్పేది ఇది. మనల్ని తాగుబోతులుగా పుట్టామన్నవాడు మనకు మనసు లేదంటున్నాడు. తాగడమే మన ఆచారమన్నవాడు ఆ మనసు వాడనక్కర్లేదంటున్నాడు. రెండింటినీ నమ్మకండి. చెట్టు కింద పెద్ద పోసిన కల్లును తాగాలా వద్దా అన్నది కూడా మెలకువలో మీరు తేల్చుకోవలసిన మాటే.

హాస్టల్ పిల్లవాడు తరువాత మాకు మళ్ళీ కనిపించాడు. ఆ రాత్రి ఎందుకు మేడెక్కావని ఈసారి అడిగాం. చాలాసేపు ఆలోచించి, "గదిలో ఎవరూ నాతో మాట్లాడేవాళ్ళు కాదు, వాళ్ళే మొదట పిలిచారు" అన్నాడు. కాసేపాగి, "అయినా రానని అనొచ్చు కదా" అని తనే అన్నాడు. ఆ రెండు మాటల్లో ఏదీ అబద్ధం కాదు. మొదటిది మనందరి పని. రెండోది అతని పని. అతను దాన్ని తనదిగా ఒప్పుకున్నాడు. ఆ వేలిముద్ర మెలకువలో వేసింది.